అరువు గొంతుల ప్రేమకథలు

ధర్మపురి అనగానే తెలుగువాళ్ళకు గోదావరి ఒడ్డు, లక్ష్మీనరసింహస్వామి గుడి గుర్తొస్తాయి. ఈ కథ ఆ ఊరిది కాదు. హొగెనకల్ దగ్గర కావేరి బండల మీంచి దూకే జిల్లా, తమిళనాడు ధర్మపురిది. సంగం కవులకు ఇది తగడూరు. చిరకాలం బతికించే ఉసిరికాయ దొరికితే తాను తినకుండా అవ్వయ్యారు చేతిలో పెట్టాడని చెప్పుకునే అదియమాన్ నెడుమాన్ అంజి ఏలిన సీమ. 1792లో టిప్పు సుల్తాన్ నుంచి బారామహల్ అనే ఈ ప్రాంతం ఈస్టిండియా కంపెనీకి దక్కినప్పుడు ఇక్కడ భూముల లెక్కలు కట్టడానికి వచ్చిన సైనికాధికారుల్లో థామస్ మన్రో ఒకడు. ఇక్కడ నేర్చిన రైత్వారీ పాఠాన్నే ఆయన తర్వాత రాయలసీమకు పట్టుకెళ్ళాడు. సేలం జిల్లాలో భాగమైన ఈ ప్రాంతం 1965 అక్టోబరు 2న విడి జిల్లా అయింది. 2004లో దాన్నుంచి కృష్ణగిరి చీలిపోయింది. పటం మీద గీతలు ఎన్నిసార్లు మారినా ఇళ్ళలో మాట అంత తొందరగా మారలేదు. పాపిరెడ్డిపట్టి అనే ఊరిపేరు వింటే చాలు, ఇక్కడ ఎవరెవరు కాపురం పెట్టారో తెలిసిపోతుంది. ఇంట్లో తెలుగు, బళ్ళో తమిళం, పడమటికి పోతే కన్నడం. మూడు భాషలూ అటూ ఇటూ తొక్కుకుంటూ బతికే ఇలాంటి చోటికి నాలుగో భాష మనుషులు వచ్చి, తమిళంలో ప్రేమించుకోవడం మొదలుపెట్టి పదేళ్ళు దాటింది.

2013 చివర్లో చెన్నై నుంచి పుదుయుగం అనే చానల్ మొదలైంది. సన్, విజయ్ పాతుకుపోయిన రంగంలో కొత్తగా అడుగుపెట్టినవాళ్ళకు రోజుకో భాగం చొప్పున సొంత సీరియళ్ళు తీయడం తలకు మించిన పని. డబ్బింగ్ సరుకు చవక. ఆ చానల్ తొలి రోజుల్లో తమిళ గొంతులు తొడిగి వదిలిన కొరియా సీరియళ్ళలో జనం నోళ్ళలో నానింది 'బాయ్స్ ఓవర్ ఫ్లవర్స్'. 2009 జనవరి నుంచి మార్చి దాకా కొరియాలో 25 భాగాలుగా వచ్చిన కథ ఇది. అసలు పుట్టుక జపాన్‌లో. యోకో కామియో 1992లో మొదలుపెట్టిన బొమ్మల కథను తైవాన్ వాళ్ళు 2001లో, జపాన్ వాళ్ళు 2005లో టీవీకెక్కించారు. ఆ తర్వాతే కొరియా వంతు. అంటే తమిళనాడు చేరేసరికి ఆ ప్రేమజంట అప్పటికే మూడు దేశాల బట్టలు మార్చుకుంది.

కథ మనకు కొత్తదేం కాదు. బట్టలు ఉతికి ఇస్త్రీ చేసే దుకాణం నడుపుకునే ఇంటి పిల్ల, దేశంలోకెల్లా పెద్ద కంపెనీ వారసుడు. పిల్లవాడి తల్లికి ఇది నచ్చదు. ఆమె స్వయంగా ఆ చిన్న ఇంటికి వచ్చి, డబ్బిస్తాను, మీ అమ్మాయిని దూరంగా ఉంచండి అంటుంది. పిల్ల తల్లి లోపలికి వెళ్ళి ఉప్పు తెచ్చి ఆ గొప్పింటావిడ నెత్తిన కుమ్మరిస్తుంది. కొరియాలో పీడ వదిలించుకోవడానికి ఉప్పు చల్లే ఆచారం ఉంది. ఉప్పూ మిరపకాయలూ దిష్టి తీసి పొయ్యిలో పడేసే ఇళ్ళలో ఈ దృశ్యానికి ఎవరూ అర్థం చెప్పనక్కరలేదు. ఎన్నెన్ని తమిళ, తెలుగు సీరియళ్ళలో పేదింటి తల్లులు ఇలాంటి మాట పడి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చి ఊరుకున్నారో తలుచుకుంటే ఆ ఉప్పు విలువ తెలుస్తుంది.

ఒప్పుకోవలసిన మాట ఇంకొకటి ఉంది. ఇవాళ చూస్తే ఆ సీరియల్ చాలా చోట్ల పంటికింద రాయిలా తగులుతుంది. కథానాయకుడు మొదటి భాగాల్లో చేసేది ప్రేమ కాదు, వేధింపు. నచ్చనివాడి బీరువాలో ఎర్రచీటీ పెట్టి బడి మొత్తాన్నీ వాడిమీదికి ఉసిగొల్పే కుర్రవాణ్ణి ఉంగరాల జుట్టు చూసి క్షమించమంటుంది కథ. తెర వెనుక సంగతి అంతకన్నా చేదు. అందులో చిన్న పాత్ర వేసిన నటి జాంగ్ జా యాన్ సీరియల్ ఇంకా ప్రసారమవుతుండగానే, 2009 మార్చిలో, ప్రాణం తీసుకుంది. పలుకుబడి ఉన్న పెద్దలు తనను ఎలా వాడుకున్నారో ఆమె రాసిపెట్టిన కాగితాలు కొరియాను ఏళ్ళ తరబడి కుదిపేశాయి.

కొరియాకూ మనకూ చుట్టరికం అన్న మాట వస్తే చాలు, పత్రికలవాళ్ళు వెంటనే రాణి హో హ్వాంగ్ ఓక్‌ను పడవెక్కించి తెస్తారు. 13వ శతాబ్దపు 'సాంగుక్ యూసా'లో ఉన్న కథ అది. క్రీ.శ. 48లో అయుత అనే దేశం నుంచి రాజకుమారి సముద్రం దాటి వెళ్ళి గయ రాజు సురోను పెళ్ళాడిందని. ఆ అయుత అయోధ్యేనని 2001లో అక్కడ స్మారకం కట్టారు. కాదు, మా దక్షిణపు కొసే అని తమిళ అభిమానులు వాదిస్తారు. 1905లో హోమర్ హల్బర్ట్ అనే అమెరికన్ మిషనరీ కొరియా భాషనూ ద్రావిడ భాషలనూ పక్కపక్కన పెట్టి ఏకంగా ఒక వ్యాకరణ గ్రంథమే రాశాడు. భాషాశాస్త్రజ్ఞులు ఆ చుట్టరికాన్ని ఒప్పుకోలేదు. రాణిగారి సంగతి ఎలా ఉన్నా, సీరియల్ మాత్రం పడవలో రాలేదు. కేబుల్ తీగమీద వచ్చింది.

ఆ తీగ పల్లెల దాకా ఎలా పాకిందో చూడాలి. మద్రాసు దూరదర్శన్ 1975 ఆగస్టు 15న మొదలైనా పల్లెల్లో చాలాకాలం టీవీ అంటే పంచాయతీ ఆఫీసు ముందు గుంపుగా కూర్చుని చూసేదే. 1993 ఏప్రిల్‌లో సన్ టీవీ వచ్చింది. 1995లో జెమిని, ఈటీవీ. సరిహద్దు తెలుగు ఇళ్ళకు అది పండగే. అయినా డబ్బున్నవాళ్ళ ఇంట్లోనే కలర్ టీవీ. ఆ తేడాను చెరిపేసింది 2006 ఎన్నికల వాగ్దానం. కరుణానిధి ప్రభుత్వం అయిదేళ్ళలో కోటిన్నరకు పైగా కలర్ టీవీలు ఉచితంగా పంచింది. 2011లో జయలలిత ప్రభుత్వం మూలనపడ్డ అరసు కేబుల్‌ను లేపి నెలకు 70 రూపాయలకే చానళ్ళు ఇచ్చింది. ఒకరు పెట్టె ఇచ్చారు, ఇంకొకరు తీగ ఇచ్చారు. బద్ధశత్రువులైన రెండు పార్టీలు కలిసి చేసిన పని బహుశా ఇదొక్కటే. పుదుయుగం లాంటి చిన్న చానల్‌కు అప్పటికే వేసి ఉన్న బాట దొరికింది.

అరువు గొంతుతో ప్రేమకథ చెప్పడం కూడా ఇక్కడ పాత అలవాటే. 1943లో కన్నడంలో వచ్చిన 'హరిశ్చంద్ర'ను ఎ.వి. మెయ్యప్పన్ మరుసటి ఏడాది తమిళంలోకి మార్చారు. దేశంలో మొదటి డబ్బింగ్ సినిమాగా దాన్నే చెబుతారు. తెలుగులో మొదటిది 1950లో వచ్చిన 'ఆహుతి'. హిందీ 'నీరా ఔర్ నందా'కు తెలుగు గొంతు ఇచ్చింది ఇంకెవరో కాదు, శ్రీశ్రీ. మహాప్రస్థానం అచ్చయిన ఏడాదే మహాకవి పరభాషా నటుల పెదవులు ఎప్పుడు కలుస్తున్నాయో, ఎప్పుడు విడిపోతున్నాయో చూస్తూ మాటలు కొలిచాడు. ఆ తర్వాత ఆ విద్యలో చెయ్యి తిరిగినవాడు రాజశ్రీ. 'రోజా'లో కొన్ని దృశ్యాలు హొగెనకల్ దగ్గరే తీశారు. ధర్మపురి నీళ్ళ మీద తమిళంలో పాడుకున్న పిల్ల రాజశ్రీ మాటల్లో తెలుగుదై ఆంధ్రదేశమంతా తిరిగింది. బుల్లితెర మీదా అదే వరస. రాధిక 'చిత్తి' జెమినిలో 'పిన్ని' అయి ఊళ్ళను రాత్రిపూట ఇళ్ళలో కూర్చోబెట్టింది. హిందీ 'బాలికా వధు' మా టీవీలో 'చిన్నారి పెళ్ళికూతురు' అయింది. తమ పొట్ట కొడుతున్నారని తెలుగు టీవీ కళాకారులు డబ్బింగ్ సీరియళ్ళ మీద రోడ్డెక్కి ధర్నాలు చేశారు. ధర్మపురికి ఆనుకునే ఉన్న కర్ణాటకలోనైతే డబ్బింగ్ అన్నమాటే దశాబ్దాల పాటు నిషిద్ధం. చట్టం కాదు, పరిశ్రమ కట్టుబాటు. 2015లో కాంపిటిషన్ కమిషన్ అది తప్పని తేల్చాకగానీ ఆ గేటు తెరుచుకోలేదు. అన్నాళ్ళూ హొగెనకల్‌లో కావేరి అవతలి ఒడ్డున కూడని పని ఇవతలి ఒడ్డున ఇంటింటి కాలక్షేపం. ఏరు ఒకటే, రూలు రెండు.

కొరియా వైపు కథ వేరే దారిలో నడిచింది. 1997లో 'ప్రేమంటే ఏమిటి' అనే కుటుంబ ధారావాహిక చైనా ప్రభుత్వ టీవీలో వచ్చి అక్కడి జనాన్ని కట్టిపడేసింది. అదే ఏడాది ఆసియాను ఆర్థిక సంక్షోభం ముంచింది. జపాన్ సీరియళ్ళు కొనే శక్తి లేని చానళ్ళు చవగ్గా దొరికే కొరియా సరుకువైపు తిరిగాయి. చవక అన్న కారణంతో గుమ్మం ఎక్కినవాడే తర్వాత ఇంటికి పెద్దయ్యాడు. 2002లో యూన్ సొక్ హో తీసిన 'వింటర్ సొనాటా' 20 భాగాలు జపాన్ ఆడవాళ్ళను ఎంత కదిలించాయంటే, 2004లో కథానాయకుడు బే యోంగ్ జూన్ టోక్యోలో దిగితే విమానాశ్రయానికి వేలమంది వచ్చారు. వాళ్ళలో ఎక్కువమంది నడివయసు గృహిణులే. ఆ షూటింగ్ జరిగిన నామీ దీవి యాత్రాస్థలం అయిపోయింది. మన దూరదర్శన్ కూడా వెనకబడలేదు. అంతఃపురంలో వంటమనిషిగా మొదలై రాజవైద్యురాలైన 'దే జాంగ్ గమ్'ను హిందీలో చూపించింది. దక్షిణాదిలో అది పెద్దగా పారలేదు. మణిపూర్‌ది మరో దారి. 2000 సెప్టెంబరులో అక్కడి తీవ్రవాద సంస్థ హిందీ సినిమాలను నిషేధించడంతో ఏర్పడ్డ ఖాళీలోకి కొరియా చానల్ అరిరాంగ్, దొంగ సీడీలు వచ్చి కూర్చున్నాయి. దక్షిణాదిలో అలాంటి ఖాళీ ఎప్పుడూ లేదు. నిండుకుండలాంటి తమిళ, తెలుగు సీరియళ్ళ మధ్యకు వచ్చి చోటు సంపాదించుకోవడమే ఇక్కడ విశేషం.

ఆ చోటు దొరకడానికి మొదటి కారణం, కొరియా కథ అయిపోతుంది. చెప్పడానికి సులువుగా ఉన్నా చిన్న సంగతి కాదు. తమిళ 'కోలంగళ్' పదిహేను వందల భాగాలు దాటింది. మన 'కార్తీక దీపం' కూడా అంతే. వంటలక్క బిడ్డలు పెరిగి పెద్దయ్యారు, చూసేవాళ్ళ బిడ్డలకు పెళ్ళిళ్ళయ్యాయి. కొరియాలో ప్రేమకథకు మామూలు కొలత 16 భాగాలు. వారానికి రెండు, రెండు నెలల్లో ముగింపు. చాలావాటికి రాసేది ఒక్కరే, అందులోనూ ఆడవాళ్ళే ఎక్కువ. ఫలానా రచయిత్రి కథ అని పేరుచూసి టీవీ పెట్టుకునే ప్రేక్షకులు అక్కడున్నారు. మన సీరియళ్ళకు ఆ భాగ్యం ఎప్పుడు పడుతుందో. వాళ్ళకు ఉన్న రోగం వేరే. 2010లో ప్రకటనల నిబంధనలు సడలించాక, కన్నీళ్ళ మధ్యలో కూడా నాయికా నాయకులు తప్పనిసరిగా ఏదో ఒక అంగడి శాండ్‌విచ్ తింటారు.

రెండో కారణం మాట తీరు. కొరియా భాషలో క్రియ వాక్యం చివరే వస్తుంది, తమిళ తెలుగుల్లో లాగే. నటి పెదవులు ఆగేచోటే మన మాటా ఆగుతుంది. ఇంగ్లీషు సినిమాకు తెలుగు గొంతు తొడిగితే వచ్చే వంకర ఇక్కడ తక్కువ. మర్యాదలూ అంతే. 'మీరు' అనుకునే జంట ఏ భాగంలో 'నువ్వు' అనుకుంటారన్నదే అక్కడ సగం ప్రేమ. ఇంగ్లీషు సబ్‌టైటిల్స్‌లో ఆ మలుపు మట్టిలో కలిసిపోతుంది. డబ్బింగ్‌లో బతుకుతుంది. పెద్దలు కూర్చున్నాక కంచం ముట్టడం, రెండు చేతులతో గ్లాసు అందుకోవడం, అత్తగారి ముందు తల ఎత్తకపోవడం చూసి 'మనవాళ్ళలాగే ఉన్నారే' అనుకోని తెలుగు అవ్వ ఉండదు.

పెళ్ళి దగ్గరికి వచ్చేసరికి ఆ అవ్వకు అడ్డంకి తగులుతుంది. ధర్మపురి, కృష్ణగిరి తెలుగు ఇళ్ళలో మేనరికం ఇప్పటికీ మొదటి మాట. అక్క కూతుర్ని చేసుకున్న మేనమామలు ప్రతి ఊళ్ళో ఉంటారు. కొరియాలో అది ఊహకందని పాపం. ఎనిమిదో అంచె దాకా రక్తబంధువుల పెళ్ళి చట్టం ఒప్పదు. అంతేకాదు, ఒకే ఇంటిపేరు, ఒకే మూలస్థానం ఉన్నవాళ్ళు ఎంత దూరం వాళ్ళయినా పెళ్ళాడకూడదన్న నియమం, అంటే మన సగోత్ర నిషేధం లాంటిదే, అక్కడి పౌరస్మృతిలోనే ఉండేది. 1997లో రాజ్యాంగ న్యాయస్థానం దాన్ని కొట్టేసింది. 2005లో పుస్తకంలోంచి తీసేశారు. తెరమీద అంత స్వేచ్ఛగా కనిపించే ఆ ప్రేమికుల అమ్మానాన్నల తరంలో, అలా ప్రేమించి రిజిస్ట్రేషన్ కాక, పిల్లలకు చట్టపరమైన పేరు లేక తిప్పలు పడ్డ జంటలు వేలల్లో ఉన్నాయి.

ధర్మపురికి ప్రేమ పెళ్ళి అంటే టీవీలో చూసి మరచిపోయే సంగతి కాదు. దళిత యువకుడు, మరో కులం అమ్మాయి పెళ్ళి చేసుకున్నారని, ఆమె తండ్రి ప్రాణం తీసుకున్నాక, 2012 నవంబరు 7న నాయకన్‌కొట్టై దగ్గర మూడు దళిత వాడలు తగలబెట్టారు. 250కి పైగా ఇళ్ళు కాలాయి, దోపిడీకి గురయ్యాయి. మరుసటి ఏడాది జులైలో ఆ యువకుడు రైలు పట్టాల పక్కన శవమై దొరికాడు. కులాంతర ప్రేమల మీద రాజకీయ సభలు జరిగాయి. జీన్సు ప్యాంట్లూ, నల్ల కళ్ళద్దాలూ వేసుకుని మా పిల్లల్ని వలలో వేస్తున్నారని మైకుల్లో అన్నారు. ఆ పొగ ఆరకముందే, ఇస్త్రీ దుకాణం పిల్ల, కోటీశ్వరుడి కొడుకు ప్రేమించుకునే సీరియల్ అవే ఊళ్ళ టీవీల్లోకి వచ్చింది. ఎవరూ రాయి విసరలేదు. కారణం ఊహించడం కష్టం కాదు. కొరియా కథలో అడ్డం వచ్చేది డబ్బు, హోదా. కులం అన్న మాట రాదు. గూ, గమ్, కిమ్ అన్న పేర్లు వింటే ఎవరు ఏ వాడవాళ్ళో తెలియదు. తండ్రీ కూతురూ పక్కపక్కన కూర్చుని ఇబ్బంది లేకుండా చూడగల ప్రేమకథ అది. తమిళంలో 2018లో వచ్చిన 'పరియేరుమ్ పెరుమాళ్' ఇదే సంగతిని ఊరిపేరుతో, వాడపేరుతో చెబితే చూసినవాళ్ళకు ఊపిరాడలేదు. కొరియా సీరియల్ ఊపిరాడనిస్తుంది. దాని బలం అదే, మొహమాటం లేకుండా చెప్పాలంటే దాని తప్పించుకోవడమూ అదే.

2016 సెప్టెంబరులో జియో వచ్చాక టీవీ గోడమీద నుంచి అరచేతిలోకి దిగింది. 2020 లాక్‌డౌన్‌లో పిల్లలకు ఆన్‌లైన్ పాఠాల కోసం కొనిచ్చిన ఫోన్లలో పాఠం అయ్యాక ఏం నడిచిందో ఇంటింటికీ తెలుసు. ముందటి ఏడాదితో పోలిస్తే 2020లో భారతదేశంలో కొరియా సీరియళ్ళు చూడటం 370 శాతానికి పైగా పెరిగిందని నెట్‌ఫ్లిక్స్ ప్రకటించింది. ఎంఎక్స్ ప్లేయర్ లాంటివి హిందీతో పాటు తమిళ, తెలుగు గొంతులతో ఉచితంగా వదిలాయి. ఇక్కడ సరిహద్దు తెలుగు పిల్లలదొక ప్రత్యేకత. 2006లో తమిళనాడు తెచ్చిన చట్టంతో బళ్ళలో తమిళం తప్పనిసరి అయింది. ఏడాదికో తరగతి చొప్పున పైకి పాకి 2016 నాటికి పదో తరగతి పరీక్షను చేరింది. ఇంట్లో గలగలా తెలుగు మాట్లాడే పిల్లల్లో చాలామందికి తెలుగు అక్షరం రాదు. తెలుగు సబ్‌టైటిల్స్ వాళ్ళకు చీమల బారు. తెలుగు డబ్బింగ్ మాత్రం చెవికి చుట్టం. బడి ఇవ్వని తెలుగును, అది కృష్ణా జిల్లా యాసలోనే అయినా, సియోల్ నుంచి వచ్చిన నటులు వినిపిస్తున్నారు.

ఈ మోజు ఎంత దూరం పోయిందో 2024 జనవరిలో తెలిసింది. కరూర్ జిల్లాకు చెందిన ముగ్గురు ఎనిమిదో తరగతి ఆడపిల్లలు 14 వేల రూపాయలు కూడగట్టుకుని, బీటీఎస్ గాయకుల్ని చూడటానికి కొరియా బయల్దేరారు. విశాఖపట్నం వెళ్ళి అక్కడ ఓడ ఎక్కాలన్నది పథకం. కాట్పాడి స్టేషన్లో రాత్రిపూట పట్టుబడి ఇల్లు చేరారు. విశాఖ నుంచి సియోల్‌కు ప్రయాణికుల ఓడ లేదని వాళ్ళకు చెప్పినవాళ్ళు లేరు. నవ్వొచ్చే మాటే, కానీ కాట్పాడి ప్లాట్‌ఫాం మీద వాళ్ళను ఆపినవాళ్ళు లేకపోయి ఉంటే అన్న ఆలోచన వస్తే నవ్వు ఆగిపోతుంది.

ఇన్నేళ్ళలో వచ్చినవాటిలో ఒకటే చూడమంటే ఏది చూడాలి? ఎక్కువమంది చెప్పే జవాబు 'క్రాష్ ల్యాండింగ్ ఆన్ యూ'. ఈసారి జనం మాట సరైనదే. 2019 డిసెంబరు 14 నుంచి 2020 ఫిబ్రవరి 16 దాకా టీవీఎన్ చానల్లో 16 భాగాలు. రాసింది పార్క్ జీ ఉన్, తీసింది లీ జాంగ్ హ్యో. దక్షిణ కొరియా వ్యాపారవేత్త యూన్ సే రి పారాగ్లైడింగ్ చేస్తూ సుడిగాలికి కొట్టుకుపోయి ఉత్తర కొరియాలో చెట్టుకు వేలాడుతుంది. కింద నిలబడ్డవాడు సరిహద్దు కాపలా కెప్టెన్ రి జాంగ్ హ్యోక్. వినడానికి కాకమ్మ కథ. దాన్ని నమ్మించేది ఆ పల్లె. రచయితల బృందంలో ఉత్తర కొరియా నుంచి తప్పించుకొచ్చిన రచయిత ఒకరు పనిచేశారు. అందుకే కరెంటు పోయే వేళలు, సంతలో బల్లకింద దాచి అమ్మే దక్షిణాది సరుకు, పచ్చడి పెట్టే రోజు వీధి ఆడవాళ్ళంతా ఒక చోట చేరి ఆడిపోసుకోవడం అంత నిజంగా ఉంటాయి. ఆవకాయ కాలంలో పెరటి అరుగు చూసినవాళ్ళకు ఆ వీధి కొత్తది కాదు. ఆ నలుగురు ఆడవాళ్ళ కబుర్లు తీసేస్తే సీరియల్ సగం ఖాళీ.

ఒక దృశ్యం దగ్గర ఆగాలి. చీకటి ఇంట్లో ఉండలేక సే రి సువాసన కొవ్వొత్తి కావాలంటుంది. కెప్టెన్‌కు అలాంటిదొకటి ఉంటుందనే తెలియదు. మామూలు కొవ్వొత్తులు తెస్తాడు. ఆమె నవ్వుతుంది. తర్వాత ఒక సాయంత్రం సంతలో ఆమె దారి తప్పుతుంది. కరెంటు లేదు, చుట్టూ తెలియని ముఖాలు. అంత గుంపులో ఒక చెయ్యి మాత్రం పైకి లేచి, వెలిగించిన కొవ్వొత్తిని పట్టుకుని ఉంటుంది. ఈసారి తెచ్చింది సువాసనదే. ముద్దు లేదు, పాట లేదు, వానలో పరుగు లేదు. వరాలిచ్చే దేవుడిలా కాకుండా పొరపాటు దిద్దుకున్న మనిషిలా నిలబడతాడు కథానాయకుడు. తెలుగు సినిమా హీరో పొరపాటు దిద్దుకోవడం ఎంత అరుదో తెలిసిన ప్రేక్షకులకు ఇది చాలు. ఇంకోచోట ప్యాంగ్యాంగ్ రైలు కరెంటు పోయి పొలాల మధ్య ఆగిపోతుంది. ప్రయాణికులు తిట్టుకోరు. దిగి మంటలు వేసుకుంటారు. దుప్పట్లు, తిండి అమ్మేవాళ్ళు ఎక్కడినుంచో ఊడిపడతారు.

పదో భాగం దాటాక కథ సియోల్ చేరుతుంది, అక్కడే జారుతుంది. తుపాకులు, అన్నల కుట్రలు, ఆసుపత్రి మంచం. చివరి భాగాలు ఒక్కొక్కటి సినిమా నిడివికి సాగుతాయి. విరామం తెలిసిన రచయిత్రే ఇక్కడ ఊగిసలాడింది. దక్షిణ కొరియాలో దీని మీద ఇంకో రకం గొడవ జరిగింది. శత్రుదేశాన్ని అందంగా చూపారని ఒక చిన్న పార్టీ జాతీయ భద్రతా చట్టం కింద ఫిర్యాదు చేసింది. ప్రేక్షకులు పట్టించుకోలేదు. ఆఖరి భాగం సుమారు 21.7 శాతం వీక్షణతో ఆ చానల్ అప్పటి రికార్డు బద్దలుకొట్టింది. జంటగా నటించిన హ్యోన్ బిన్, సోన్ యే జిన్ 2022 మార్చి 31న నిజంగానే పెళ్ళి చేసుకున్నారు. కథలోని ఒక పియానో దృశ్యం తీసిన స్విట్జర్లాండ్ పల్లె ఇజెల్ట్‌వాల్డ్ జనం తాకిడికి తట్టుకోలేక చెరువుగట్టు చెక్కవంతెనకు అయిదు ఫ్రాంకుల టిక్కెట్టు పెట్టింది.

కథ ముగింపులో మాత్రం ఆ జంట సరిహద్దు దాటలేరు. ఏడాదికి రెండు వారాలు స్విట్జర్లాండ్‌లో కలుసుకుంటారు. ఇది చూడగానే పాతతరం వాళ్ళకు 'మరో చరిత్ర' తలపుకు రావాలి. 1978లో బాలచందర్ తీసిన ఆ తెలుగు సినిమా మద్రాసులో డబ్బింగ్ లేకుండానే ఏడాదిన్నరకు పైగా ఆడింది. తమిళ కుర్రాడు, తెలుగు అమ్మాయి, మధ్య ఏడాది ఎడబాటు అనే షరతు. అక్కడ షరతు తీరాక ఇద్దరూ చచ్చిపోతారు. 1953 నాటి 'దేవదాసు' నుంచి మనకు ప్రేమ గొప్పదని చెప్పాలంటే ఎవరో ఒకరు పోవాలి. కొరియావాళ్ళకూ ఆ జబ్బు ఉండేది. 2000లో వచ్చిన 'ఆటమ్ ఇన్ మై హార్ట్'లో నాయిక రక్త క్యాన్సర్‌తో పోయింది. తర్వాత ఇరవై ఏళ్ళలో వాళ్ళు నేర్చుకున్నది చంపకుండా ఏడిపించడం. రెండు వారాల కాపురం అన్న ఆ ముగింపు పరిష్కారమూ కాదు, ఓటమీ కాదు. గల్ఫ్‌కు వెళ్ళిన మగవాళ్ళ కోసం ఏడాదంతా ఎదురుచూసే కడప జిల్లా ఇల్లాళ్ళకు ఆ లెక్క కొత్తదేం కాదు.

తెలుగు తెర కొరియా కథల్ని కొనుక్కోవడమూ మొదలుపెట్టింది. 'మిస్ గ్రానీ' 2019లో నందినీ రెడ్డి చేతిలో 'ఓ బేబీ' అయింది. 2022లో 'శాకిని డాకిని' వచ్చింది. అదే కాలంలో విజయనగర రాజుల పాత కోట ఉన్న పెనుకొండ పక్కన కియా కార్ల కర్మాగారం లేచి, కొరియా లిపిలో బోర్డులు వెలిశాయి. తమిళనాడులో హ్యుందాయ్ 1996 నుంచే ఉంది. ధర్మపురికి ఫ్యాక్టరీ రాలేదు, కొరియా భోజనశాలా రాలేదు. ఆ ఊరికి కొరియా అంటే ఇప్పటికీ తెరమీది మనుషులు, తమిళ తెలుగు గొంతులు మాత్రమే.

ఆ గొంతులెవరివో మాత్రం చూసేవాళ్ళకు తెలియదు. శ్రీశ్రీ, రాజశ్రీ పేర్లు సినిమా మొదట్లోనే తెరమీద పడేవి. పుదుయుగంలో ఆ ఇస్త్రీ దుకాణం పిల్లకు తమిళం మాట్లాడిన అమ్మాయి ఎవరో, ఇవాళ ఫోన్లలో కొరియా కెప్టెన్లకు తెలుగు మాటలు రాస్తున్నదెవరో ఎక్కడా వినబడదు. ఆఖర్న పేర్ల పట్టీ వచ్చేలోపే తర్వాతి భాగం దానంతటదే మొదలవుతుంది. చానళ్ళూ యాప్‌లూ ఆ పేర్లను మొదటి భాగం మొదట్లోనే వేయాలి. అందాకా చూసేవాళ్ళయినా చివర్లో ఒక నిమిషం ఆగి చదవండి.